గొంతులోని బుడిపె: 150 ఏళ్ల వాదన



ఒక్క క్షణం చేతిలో పని పక్కన పెట్టి, రెండు వేళ్లు గొంతు ముడికి కాస్త కింద ఆనించి గుటక వేయండి. వేళ్ల కింద మెత్తగా ఏదో పైకి లేచి దిగినట్టు తెలుస్తుంది. శ్వాసనాళాన్ని కరుచుకుని, రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా కూర్చున్న థైరాయిడ్ గ్రంథి ఉండే చోటు అది. బడి పుస్తకాల్లో దీనికి అవటు గ్రంథి అని పేరు. ఊళ్లో ఆ మాట ఎవరూ అనరు, థైరాయిడ్ అంటేనే తెలుస్తుంది. పెద్దవాళ్లలో దీని బరువు 20 గ్రాములకు అటూ ఇటూ. ఇంత చిన్న అవయవం గురించి వైద్యులు 150 ఏళ్లుగా వాదించుకుంటూ వచ్చారంటే నమ్మబుద్ధి కాదు. ఆ వాదన ఇది: గొంతులో బుడిపె కనబడింది. అది క్యాన్సరా, కాదా? తీసేయాలా, వదిలేయాలా?

ఈ విషయం మీద మాట్లాడటానికి నాకు సొంత కారణం ఒకటుంది. మా మేనత్తది హోసూరు దగ్గర పల్లె. చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో పెళ్లి జరిగితే నలుగు పాటకు, అప్పగింతల పాటకు ఆమెను పిలవాల్సిందే. 1988లో, ఆమెకు 34 ఏళ్ల వయసులో, గొంతు దగ్గర ఉసిరికాయంత గడ్డ కనిపించింది. నొప్పి లేదు, మింగడానికి ఇబ్బంది లేదు. పట్నం తీసుకెళ్తే, "క్యాన్సర్ కావచ్చు, కాకపోవచ్చు, తీసి చూస్తే గానీ చెప్పలేం" అన్నారు. గ్రంథి మొత్తం తీసేశారు. పది రోజులకు కాగితం వచ్చింది: అది మామూలు గడ్డ, క్యాన్సర్ కాదు. ఇంట్లో అందరూ దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు. అత్త మాత్రం బొంగురుపోయిన గొంతుతో నన్నడిగింది: "అబ్బీ, గడ్డలో ఏమీ లేదన్నారు కదా, మరి నా పాటెందుకు తీసుకున్నార్రా?"

స్వరపేటికను ఆడించే సన్నని నరం ఒకటి ఈ గ్రంథి వెనకనుంచే పోతుంది. దానికి దెబ్బ తగిలితే గొంతు మారిపోతుంది. ఆపరేషన్ చేసిన వారిని నేను తప్పుపట్టబోవడం లేదు. ఆనాడు వాళ్ల దగ్గరున్న సాధనాలు అవే. కానీ అత్త అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు వెతుక్కుంటూ పోతే అది నన్ను స్విట్జర్లాండ్ దాకా తీసుకెళ్లింది.

ఆల్ప్స్ పర్వతాల లోయల్లో ఒకప్పుడు మెడ వాచని మనిషి అరుదు. మంచు, వాన కలిసి అక్కడి నేలలో అయోడిన్‌ను కడిగేశాయి. అయోడిన్ లేకపోతే థైరాయిడ్ తన పని తాను చేసుకోలేక ఉబ్బుతుంది. మన ఆయుర్వేదంలో గలగండమని చెప్పే వాపు ఇదే. కొందరికి ఆ వాపు శ్వాసనాళాన్ని నొక్కి ఊపిరాడనిచ్చేది కాదు. కోద్దామంటే గ్రంథి నిండా రక్తనాళాలు. 1860లలో జ్యూరిక్‌లో బిల్రోత్ అనే మహా శస్త్రవైద్యుడు ఈ ఆపరేషన్లు చేసి, పదిమందిలో నలుగురు చనిపోతుంటే చూడలేక కొన్నేళ్లు కత్తి పక్కన పెట్టేశారు.

1872లో బెర్న్ నగరంలో ప్రొఫెసర్ అయిన థియోడర్ కోకర్ ఈ పరిస్థితిని మార్చారు. ఆయన తొందరపడే మనిషి కాదు. ఒక్కో రక్తనాళాన్నీ ముడివేస్తూ, చుక్క రక్తం కారకుండా నిదానంగా కోసేవారు. పరిశుభ్రత విషయంలో రాజీ లేదు. ఆయన వృత్తి ముగిసేనాటికి థైరాయిడ్ ఆపరేషన్లు 5 వేలు దాటాయి, మరణాలు నూటికి ఒకటి కంటే తక్కువకు దిగాయి. 1909లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇంతవరకు చాలా పుస్తకాల్లో ఉంటుంది. నన్ను ఆపింది మాత్రం మధ్యలో జరిగిన ఒక సంగతి.

1874లో కోకర్ 11 ఏళ్ల అమ్మాయికి గ్రంథి మొత్తం తీసేశారు. పుండు చక్కగా మానింది, ఇంటికి పంపేశారు. కొన్నాళ్లకు ఆ పిల్లను పంపిన ఊరి వైద్యుడు, ఆమె పూర్తిగా మారిపోయిందని, మందకొడిగా తయారైందని చెప్పాడు. ఆనాడు కోకర్ అంతగా పట్టించుకోలేదు. 1882లో జెనీవాకు చెందిన రెవెర్డిన్ అనే శస్త్రవైద్యుడు, తన రోగుల్లోనూ ఇలాంటి మార్పే చూస్తున్నానన్నాడు. అప్పుడు కోకర్ గుండెలో రాయి పడింది. గ్రంథి మొత్తం తీసేసిన తన పాత రోగులందరికీ ఉత్తరాలు రాసి రమ్మన్నారు. 18 మంది వచ్చారు. వారిలో ఇద్దరు తప్ప అందరూ ఉబ్బిన ముఖాలతో, చల్లబడిన చేతులతో, నెమ్మదించిన మాటతో వచ్చారు. ఆ అమ్మాయికి ఒక చెల్లెలుండేది. ఒకప్పుడు ఇద్దరినీ చూసి ఎవరు ఎవరో పోల్చుకోలేకపోయేవారు. ఇప్పుడు చెల్లెలు ఎదిగి నిండు యువతి అయింది, అక్క ఎత్తు పెరగలేదు, బుద్ధి పెరగలేదు.

గొప్ప పేరున్న వైద్యుడు తన వల్ల జరిగిన హాని దాచుకోవచ్చు. కోకర్ దాచుకోలేదు. 1883లో వైద్యుల సభలో లేచి నిలబడి లెక్కతో సహా చెప్పారు. ఇకమీదట క్యాన్సర్ కాని గడ్డకు గ్రంథి మొత్తం తీయననీ, కొంత వదులుతాననీ ప్రకటించారు. గ్రంథి పోయినవారికి మందు దొరకడానికి మరో 8 ఏళ్లు పట్టింది. 1891లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో జార్జ్ ముర్రే అనే యువ వైద్యుడు గొర్రె థైరాయిడ్ రసాన్ని సూదిమందుగా ఇచ్చి, థైరాయిడ్ పనిచేయక మంచాన పడ్డ ఒక స్త్రీని లేపి నడిపించాడు. ఆమె ఆ తర్వాత 28 ఏళ్లు బతికింది. మా అత్త రోజూ పరగడుపున వేసుకునే మాత్ర మూలం అక్కడుంది.

ఇక్కడ మన తెలుగువాడొకరి పేరు చెప్పుకోవాలి. ఒడిశా సరిహద్దున ఉన్న శ్రోతలకు ఇది మరీ దగ్గరి విషయం. శ్రీకాకుళంలో 1921లో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి గారు, 1956లో హిమాలయాల అంచున కాంగ్రా లోయలో ఒక పరిశోధన మొదలుపెట్టారు. ఆ లోయలోనూ మన దేశపు ఆల్ప్స్ కథే, మెడ వాపు ఇంటింటా ఉంది. ఆయన బృందం లోయను మూడు భాగాలు చేసింది. రెండు భాగాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, ఒక భాగానికి మామూలు ఉప్పు. అయిదారేళ్లు గడిచాక చూస్తే అయోడిన్ ఉప్పు తిన్న ఊళ్ల బడిపిల్లల్లో వాపు బాగా తగ్గింది, మామూలు ఉప్పు తిన్నచోట తగ్గలేదు. ఆ తర్వాత మూడో భాగానికీ అయోడిన్ ఉప్పే ఇచ్చారు. 1962లో మొదలైన జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమానికి ఈ కృషి పునాది. మీ వంటింట్లో ఉప్పు ప్యాకెట్టు మీద అయోడిన్ అన్న మాట ఉందంటే, దాని వెనుక శ్రీకాకుళం మనిషి చెమట కూడా ఉంది.

క్యాన్సర్ మాటకూ ఈ ఉప్పుకూ ఏమిటి సంబంధం అంటారా? ఊరిలో సగం మందికి మెడ ఉబ్బి ఉన్నప్పుడు గడ్డ అనేది వార్త కాదు. ఉప్పులోకి అయోడిన్ వచ్చి, మెడలు మామూలుగా మారాక, ఒక్క మనిషి గొంతులో ఒక్క బుడిపె కనబడితే అదే కళ్లలో పడుతుంది. 1922లో స్విట్జర్లాండ్, 1924లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రం ఉప్పులో అయోడిన్ కలపడం మొదలుపెట్టాయి. ఆ తరం పెద్దయ్యేసరికి, అంటే 1940లు, 50లు వచ్చేసరికి, అమెరికా శస్త్రవైద్యుల మధ్య వాదం ముదిరింది.

ఒక పక్షం వారు, "మేం కోసిన ఒంటి గడ్డల్లో పదింట ఒకటి, కొన్ని ఆసుపత్రుల్లో అంతకు మించి, క్యాన్సరే. కాబట్టి ప్రతి గడ్డనూ తీసేయాలి" అన్నారు. క్లీవ్‌లాండ్‌కు చెందిన జార్జ్ క్రైల్ జూనియర్ వంటివారు ఎదురు తిరిగారు. గడ్డలున్నవాళ్లు లక్షల్లో ఉన్నారు, థైరాయిడ్ క్యాన్సర్‌తో పోయేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగేంత మంది; ఈ రెండు లెక్కలు ఎలా కుదురుతాయి?

కుదరకపోవడానికి కారణం సంతలో పశువులు కొనేవారికి బాగా తెలుసు. సంతకు వచ్చిన ఎద్దులను చూసి ఊరిలోని ఎద్దులన్నీ ముసలివే అనుకుంటే ఎలా? అమ్మదలచుకున్నవే సంతకు వస్తాయి. అలాగే అనుమానం పుట్టించిన గడ్డలే కత్తి దాకా వస్తాయి. కోయని గడ్డల సంగతేమిటి? ఆ లెక్క ఎవరూ తీయలేదు.

తీసినవారు రెండు చోట్ల దొరికారు. 1955లో మేయో క్లినిక్ వైద్యులు, బతికుండగా గొంతులో ఏ తేడా లేదని నమోదైన 821 మంది గ్రంథులను శవపరీక్షలో కోసి చూశారు. దాదాపు సగం మందిలో గడ్డలున్నాయి! ఎవరి వేలికీ అందకుండా, ఎవరినీ బాధపెట్టకుండా ఉన్నాయి. రెండోది ఫ్రామింగ్‌హామ్ అనే పట్టణం. గుండె జబ్బుల పరిశోధనతో పేరుపడ్డ ఊరది. అక్కడ 5 వేల పైచిలుకు మంది మెడలు తడిమి చూస్తే స్త్రీలలో నూటికి 6.4, పురుషుల్లో 1.5 చొప్పున గడ్డలు దొరికాయి. వారిని 15 ఏళ్లు కనిపెట్టుకుని ఉండి 1968లో ఫలితం చెప్పారు: ఆ గడ్డలున్నవారిలో థైరాయిడ్ క్యాన్సర్ బయటపడినవారు లేరు.

అయితే ఇక గడ్డలను పట్టించుకోనక్కర్లేదా అంటే, అదీ కాదు. మా ఊళ్లో ఒక దర్జీ ఉండేవాడు. ఎన్నో ఏళ్లుగా గొంతులో గడ్డ ఉంది, ఎవరేమన్నా నవ్వేసేవాడు. డెబ్బై దాటాక, ఒక వేసవిలో ఆ గడ్డ వారాల్లో పెరిగి రాయిలా గట్టిపడింది. మాట పోయింది. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి చేయగలిగింది ఏమీ మిగల్లేదు. ఇలాంటి క్యాన్సర్ అరుదు, కానీ అది ఒక్కరోజు కూడా ఆగదు. అందుచేత అందరినీ కోయకూడదు, కోయాల్సినవారిని వదలకూడదు. మధ్యనున్న ఈ దారి వెతకడంలోనే తర్వాతి 50 ఏళ్లూ గడిచాయి.

మొదట వచ్చింది అణుశక్తి. థైరాయిడ్ అయోడిన్‌ను లాక్కుంటుంది కదా, రేడియోధార్మిక అయోడిన్ కొద్దిగా ఇచ్చి, అది ఎక్కడ చేరిందో చూస్తే సరి. 1950 ప్రాంతంలో కాలిఫోర్నియాలో బెనెడిక్ట్ కాసెన్ తయారుచేసిన యంత్రం ఆ రేడియోధార్మికతను గీతల్లో పటంగా గీసి చూపింది. అయోడిన్‌ను బాగా లాక్కున్న గడ్డకు వేడి గడ్డ అని, లాక్కోనిదానికి చల్లని గడ్డ అని పేర్లు వచ్చాయి. మన దేశంలో 1963లో ఇప్పటి భాభా అణు పరిశోధన కేంద్రం వారు బొంబాయి పరేల్‌లో రేడియేషన్ మెడిసిన్ సెంటర్ స్థాపించారు. అక్కడి మిల్లు వాడల్లో పనిచేసిన మన తెలుగు కుటుంబాలకు ఆ చోటు పరిచయమే అయి ఉంటుంది. వేడి గడ్డ క్యాన్సర్ కావడం చాలా అరుదు, ఆ మేరకు ఇది పెద్ద మేలు. చిక్కల్లా ఎక్కువ గడ్డలు చల్లనివే కావడం, ఆ చల్లనివాటిలోనూ క్యాన్సర్ ఉన్నవి కొద్దే కావడం. జల్లెడ కన్నాలు ఇంకా పెద్దవిగానే ఉన్నాయన్నమాట.

దీని తర్వాత వచ్చిన సాధనం చూస్తే నవ్వొస్తుంది, అంత చిన్నది. సూది. న్యూయార్క్‌లోని మెమోరియల్ ఆసుపత్రిలో హేస్ మార్టిన్, ఎడ్వర్డ్ ఎల్లిస్ అనేవారు 1930లోనే గడ్డల్లోకి సూది గుచ్చి కణాలు లాగి చూశారు. వాళ్ల సూది లావు. సూది దారిన క్యాన్సర్ పాకుతుందేమోనని అమెరికాలో చాలామంది భయపడ్డారు, పద్ధతి మూలన పడింది. స్వీడన్‌వారు దాన్ని బతికించారు. స్టాక్‌హోమ్‌లోని కరోలిన్స్కా ఆసుపత్రిలో ఫ్రాన్జెన్, జాయిచెక్, లోవ్‌హాగెన్ వంటివారు 1950ల నుంచి సన్నని సూదితో వేల గడ్డలను పరీక్షించారు. మత్తు అక్కర్లేదు, కోత లేదు. రక్తపరీక్షకు గుచ్చే సూదికన్నా లావు కాని సూదితో నాలుగు కణాలు లాగి, గాజుపలక మీద రాసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూడటమే. అమెరికా దీన్ని పూర్తిగా ఒప్పుకోవడానికి 1970లు, 80లు పట్టాయి. ఒప్పుకున్నాక ఏమైందంటే, ఆపరేషన్లు తగ్గాయి, చేసిన ఆపరేషన్లలో నిజంగా క్యాన్సర్ దొరికే పాలు పెరిగింది. మా అత్తకు కావలసింది ఇదే. 1988లో ఆ పరీక్ష లోకంలో ఉంది, ఆమె వెళ్లిన చోట లేదు.

సూదికీ ఒక హద్దుంది. ఒక రకం గడ్డలో క్యాన్సర్ కణాలూ మామూలు కణాలూ చూపుకు ఒకేలా ఉంటాయి. అవి గడ్డ చుట్టూ ఉన్న పొరను చీల్చుకుని బయటకు వచ్చాయా లేదా అన్నదే తేడా. చేలోంచి పిడికెడు గింజలు తెచ్చి చూపితే పంట ఏదో చెప్పగలం, గట్టు తెగిందో లేదో చెప్పగలమా? అందుకని సూది పరీక్ష కాగితాల్లో "అనుమానం", "నిర్ధారణ కాలేదు" వంటి మాటలు ఎక్కువయ్యాయి. ఒక్కో ఆసుపత్రిది ఒక్కో భాష. 2007లో అమెరికాలోని బెథెస్డా పట్టణంలో నిపుణులు కూర్చుని ఆ భాషను ఆరు మెట్లకు కుదించారు. 2023లో వచ్చిన మూడో కూర్పులోని సగటు లెక్క వినండి. చాలినన్ని కణాలు రాకపోతే క్యాన్సర్ అవకాశం నూటికి 13, హానిలేనిది అంటే 4, తేల్చలేని తేడాలుంటే 22, ఇందాక చెప్పిన గట్టు రకమైతే 30, గట్టి అనుమానమైతే 74, క్యాన్సరే అంటే 97. చూశారా, హానిలేనిది అన్నదానికి సున్నా లేదు, క్యాన్సరే అన్నదానికి నూరు లేదు. ఇంకో మెలిక కూడా ఉంది. ఈ లెక్కలు ప్రధానంగా ఆపరేషన్ చేసి చూసిన గడ్డలవి. కోయకుండా వదిలేసినవి కూడా కలిపితే కింది మెట్ల అంకెలు ఇంకా తగ్గుతాయి. సంత ఎద్దుల లెక్క మళ్లీ వచ్చిందన్నమాట!

గడ్డను చూడటం ఒక ఎత్తయితే, మనిషిని అడగడం ఇంకో ఎత్తు. డాక్టరు మిమ్మల్ని, "చిన్నప్పుడు మెడకు, తలకు రేడియేషన్ ఏమైనా ఇచ్చారా?" అని అడిగితే విసుక్కోకండి. ఆ ప్రశ్న వెనుక ఎందరో పిల్లల కన్నీళ్లున్నాయి. 20వ శతాబ్దం మొదటి సగంలో అమెరికాలో, ఛాతీలోని థైమస్ గ్రంథి పెద్దదిగా ఉందనో, టాన్సిల్స్ వాచాయనో, చివరికి మొటిమలకు కూడా, పిల్లలకు ఎక్స్‌రే చికిత్స చేసేవారు. 1950లో న్యూయార్క్ వైద్యులు డఫీ, ఫిట్జెరాల్డ్ థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లల కథలు తిరగేస్తే, వారిలో పలువురికి పసితనంలో ఆ చికిత్స జరిగినట్టు తేలింది. తర్వాత 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ అణుకేంద్రం పేలింది. రేడియోధార్మిక అయోడిన్ గడ్డి మీద పడింది, గడ్డి తిన్న ఆవుల పాలలోకి వచ్చింది, ఆ పాలు తాగిన పిల్లల గొంతుల్లో చేరింది. అయోడిన్ కొరత ఉన్న ప్రాంతం కావడంతో ఆ గ్రంథులు దాన్ని మరీ ఆబగా పీల్చుకున్నాయి. 2005 నాటికి ఆ పిల్లల్లో 6 వేలకు పైగా థైరాయిడ్ క్యాన్సర్లు నమోదయ్యాయి. పిల్లల్లో గడ్డ కనబడితే పెద్దవాళ్ల గడ్డకన్నా ఎక్కువ జాగ్రత్త తీసుకోవడం వైద్యుల పద్ధతి. మగవారికి గడ్డలు తక్కువే గానీ, వచ్చిన గడ్డ క్యాన్సర్ అయ్యే అవకాశం వారిలో కాస్త ఎక్కువ. రక్తసంబంధీకుల్లో థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే అదీ తప్పక చెప్పండి.

ఇక అల్ట్రాసౌండ్ స్కానింగు. ఇది రాకముందు గడ్డ వేలికి దొరికితేనే ఉన్నట్టు. ఇది వచ్చాక 2, 3 మిల్లీమీటర్ల బుడిపెలు కూడా తెర మీద కనిపించసాగాయి. మేయో వైద్యులు శవాల్లో చూసింది ఇప్పుడు బతికున్నవారిలో కనిపిస్తోంది. ఈ కొత్త చూపు ఎంత మేలు చేసిందో అంత చేటూ చేసింది. ఆ చేటు దక్షిణ కొరియాలో జరిగింది.

1999లో ఆ దేశ ప్రభుత్వం క్యాన్సర్లను ముందే కనిపెట్టే కార్యక్రమం పెట్టింది. థైరాయిడ్ అందులో లేదు. కానీ వచ్చినవాళ్లకు 30 నుంచి 50 డాలర్ల అదనపు రుసుముతో గొంతు స్కానింగు కూడా చేసేవారు. ఎలాగూ వచ్చాం, ఇదీ చేయించుకుంటే పోలా అనుకున్నారు జనం. 2011 వచ్చేసరికి థైరాయిడ్ క్యాన్సర్ నమోదు 1993 నాటికి 15 రెట్లయింది. ఆ ఒక్క ఏడాదే 40 వేల మందికి పైగా క్యాన్సర్ ఉందన్నారు. దాదాపు అందరికీ ఆపరేషన్. మరి ఆ క్యాన్సర్‌తో చనిపోయేవారి సంఖ్య తగ్గిందా? తగ్గలేదు, ఎప్పుడూ ఉన్నట్టే ఉంది. అంటే పట్టుకున్నవన్నీ ప్రాణం తీసేవి కావు. ఆపరేషన్ అయినవారిలో నూటికి 11 మందికి కాల్షియం సమస్య మిగిలింది. థైరాయిడ్‌ను అంటిపెట్టుకుని బియ్యపు గింజంత గ్రంథులు నాలుగుంటాయి, అవి దెబ్బతింటే ఒంట్లో కాల్షియం పడిపోతుంది. నూటికి ఇద్దరికి స్వరతంతువు చచ్చుబడింది. ఈ అంకె దగ్గర నేను కొంచెంసేపు ఆగిపోయాను. మా అత్తలాంటివాళ్లు ఒక దేశంలో వందల కొద్దీ.

2014లో కొరియా వైద్యులు కొందరు గట్టిగా అడ్డుచెప్పారు, పత్రికలు అందుకున్నాయి, ఏడాది తిరిగేసరికి ఆపరేషన్లు మూడోవంతుకు పైగా తగ్గాయి. ఇది మనకు దూరపు మాటని అనుకోనక్కర్లేదు. మన పొరుగున తిరువనంతపురం క్యాన్సర్ రిజిస్ట్రీలోనూ స్త్రీలలో థైరాయిడ్ క్యాన్సర్ నమోదు బాగా ఎక్కువగా కనిపించింది. పట్టణాల్లో పండగ రాయితీలతో అమ్మే ఒళ్లంతా పరీక్షల ప్యాకేజీలను చూసినప్పుడల్లా నాకు కొరియా గుర్తొస్తుంది.

నిజానికి ఈ సూచన ముందే వచ్చింది. 1985లో ఫిన్లాండ్ వైద్యులు 101 మంది గ్రంథులను పలచని ముక్కలుగా తరిగి చూస్తే, వేరే కారణాలతో పోయినవారిలో మూడోవంతుకు పైగా మందిలో చిన్న చిన్న క్యాన్సర్లు నిద్రపోతూ ఉన్నాయి. జపాన్‌లో అకిరా మియౌచి ఆలోచన ఇంకా ముందుకు వెళ్లింది. కోబే నగరంలోని కుమా ఆసుపత్రిలో 1993 నుంచి, సెంటీమీటరు దాటని, ప్రమాద లక్షణాలు లేని క్యాన్సర్లను కోయకుండా, క్రమం తప్పక స్కానింగు చేస్తూ కనిపెట్టుకుని ఉన్నారు. 1,235 మందిని అలా చూస్తే పదేళ్లలో గడ్డ పెరిగింది నూటికి 8 మందికే. ఆ క్యాన్సర్‌తో పోయినవారు ఒక్కరూ లేరు. పెరిగినవారికి అప్పుడు ఆపరేషన్ చేశారు, బాగానే ఉన్నారు. క్యాన్సర్ అని తెలిసి కూడా కత్తి పట్టకుండా కూర్చోవడానికి ఎంత గుండె నిబ్బరం కావాలో ఆలోచించండి, వైద్యుడికీ, రోగికీ.

2016లో ఇంకో అడుగు పడింది. పొర దాటని ఒక రకం గడ్డను అంతవరకు క్యాన్సర్ అనేవారు. 7 దేశాలకు చెందిన 24 మంది నిపుణులు, అటువంటి 109 మంది కథలను పదేళ్లకు తగ్గకుండా పరిశీలించి, ఎవరికీ జబ్బు తిరగబెట్టలేదని చూసి, దాని పేరులోంచి క్యాన్సర్ అనే మాటనే తీసేశారు.

స్కానింగు చూసే పద్ధతి కూడా ఈలోగా కుదుటపడింది. 2002లో కొరియా వైద్యులే ప్రమాదపు గుర్తులను తేటగా చెప్పారు: గడ్డ బాగా నల్లగా కనబడటం, అంచులు గరుకుగా ఉండటం, లోపల ఇసుక రేణువుల్లాంటి సున్నపు చుక్కలు, వెడల్పుకన్నా ఎత్తు ఎక్కువగా ఉండటం. 2009లో చిలీ దేశపు వైద్యులు వీటితో టైరాడ్స్ అనే మెట్ల పద్ధతి చేశారు. 2017లో అమెరికా రేడియాలజీ సంస్థ దీన్ని మార్కుల పద్ధతిగా మార్చింది. మార్కులు ఎక్కువ వచ్చిన అయిదో రకం గడ్డకు సెంటీమీటరు ఉంటే సూది పరీక్ష, నాలుగో రకానికి ఒకటిన్నర, మూడో రకానికి రెండున్నర సెంటీమీటర్లు ఉంటేనే. మీ స్కానింగు కాగితంలో టైరాడ్స్ అన్న మాట పక్కన అంకె కనబడితే అదేమిటో ఇప్పుడు మీకు తెలుసు. అంకె కనబడకపోతే అడగండి, అడగడం మీ హక్కు. గడ్డ గట్టిగా రాయిలా ఉన్నా, వారాల్లో పెరుగుతున్నా, గొంతు బొంగురుపోయి తగ్గకపోయినా, మెడ పక్కన బిళ్లలు కట్టినా మాత్రం అంకెల కోసం ఎదురుచూడక వెంటనే వెళ్లండి. దర్జీ చేసిన పని చేయకండి.

2022లో మా అత్త కూతురు, వరసకు నాకు మరదలు, బెంగళూరులో మెడనొప్పికని వెళ్తే స్కానింగులో థైరాయిడ్ గడ్డ బయటపడింది. 18 మిల్లీమీటర్లు. ఇంట్లో పాత భయమంతా మళ్లీ లేచింది. డాక్టరమ్మ టైరాడ్స్ మూడు అని రాసి, సూది కూడా ఇప్పుడు అక్కర్లేదు, ఏడాదికి రండి అన్నారు. 2023లో మళ్లీ తీస్తే అదే కొలత.

నేను ఊరెళ్లినప్పుడు అత్త ఆ కాగితం నా చేతికిచ్చి చదవమంది. ఇంగ్లీషులో ఉన్నది తెలుగులో చెబుతూ పోయాను. "ఆపరేషన్ మాట ఎక్కడైనా ఉందా అబ్బీ?" అని ఆ బొంగురు గొంతుతోనే అడిగింది. లేదన్నాను. ఇంకోసారి చదవమంది. రెండోసారీ విని, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, తన థైరాయిడ్ మాత్రల డబ్బాలో దాచుకుంది.